అమ్మా... ఇంకెన్ని మలుపులు?

సెలవులొస్తే చాలు, పిల్లల్ని వెంటేసుకుని ప్యాకేజీ టూర్ బస్సెక్కేస్తాం. టికెట్లూ భోజనాలూ గైడూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. పెద్దలకి హాయే. మరి పిల్లలకో? అరకు దారిలో ఆ సంగతేమిటో చూద్దాం రండి!

‘‘అమ్మా, డోకొస్తోంది...’’

అనంతగిరి కాఫీతోటలు దాటి బస్సు కిందికి దిగుతోంది. బయట లోయ. లోయ నిండా మంచు. అందరూ కిటికీల్లోంచి సెల్‌ఫోన్లు బయటపెట్టి ఫొటోలు తీస్తున్నారు. నేను మాత్రం సంచీలో ప్లాస్టిక్ కవరు కోసం వెతుకుతున్నా. దొరికేలోపే అయిపోయింది. మావాడు మధ్యాహ్నం తిన్నదంతా నా చీరమీదే ఉంది. ముందుసీటాయన ముక్కు మూసుకున్నాడు. వెనకసీటావిడ మాత్రం, పుణ్యాత్మురాలు, నిమ్మకాయ అందించింది. ఒళ్లో ఉన్న చిన్నది వాళ్లన్నని చూసి తనూ మొదలెట్టింది.

అప్పటికి మేం బయల్దేరి దాదాపు పన్నెండు గంటలైంది. విశాఖ చేరడానికి ఇంకా మూడు గంటలుంది.

ఇది కొన్నేళ్లకిందటి మాట. అప్పుడు మావాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. ఏదో ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ. పేరెందుకులెండి. ఆ రోజు రాత్రి లాడ్జిలో చీర ఉతుక్కుంటూ ఇంకెప్పుడూ టూర్ బస్సెక్కనని ఒట్టు పెట్టుకున్నా. తర్వాత ఆ ఒట్టు గట్టున పెట్టాననుకోండి, అది వేరే కథ. కానీ ఆ ఒక్కరోజులో ఎక్కడ తప్పు జరిగిందో ఆలోచిస్తే, తప్పు బస్సుదీ కాదు, అరకుదీ కాదు, పిల్లలదసలే కాదు అనిపించింది.

బామ్మకి నచ్చింది మనవడికి నచ్చదు

గుంపుగా బయల్దేరడం మనకి కొత్తేం కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు తల్లినీ భార్యనీ బంధువుల్నీ పనివాళ్లనీ కలుపుకుని వందమంది దాకా వెంట నడిచారు. పదిహేను నెలలకి పైగా సాగిందా యాత్ర. బస్సులొచ్చాక గోదావరి జిల్లాల నుంచి కాశీయాత్ర స్పెషళ్లు మొదలయ్యాయి. గ్యాసుపొయ్యి, గుండిగలు, వంటవాళ్లు... సగం వంటిల్లు బస్సులోనే. ఎక్కడ ఆగితే అక్కడే సాంబారు పొంగేది. కార్తికమాసం వచ్చిందంటే పంచారామాలకి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు సరేసరి. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట... అయిదు శివాలయాలూ ఒక్కరోజులో.

పెద్దవాళ్లకి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. వాళ్ల లెక్క పుణ్యం లెక్క. అయిదూ చూశామా లేదా అన్నదే ముఖ్యం. గుళ్లో పది నిమిషాలున్నా చాలు. టికెట్ కోసం పరుగులు పెట్టక్కర్లేదు, ఆటోవాడితో బేరమాడక్కర్లేదు, భాష రాదన్న బెంగ లేదు. ఇంగ్లండులో థామస్ కుక్ అనే పెద్దమనిషి 1841లో లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి ప్రత్యేక రైల్లో కొన్ని వందలమందిని తీసుకెళ్లి ఈ ప్యాకేజీ వ్యాపారానికి ఊపు తెచ్చాడంటారు. ఆయన అమ్మింది కూడా అదే... ‘మీరు ఆలోచించక్కర్లేదు’ అన్న భరోసా.

పిల్లలకి ఆ భరోసాతో పనేముంది? వాళ్ల బదులు ఆలోచించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారాయె! వాళ్లకి ‘ఎన్ని చూశాం’ అన్న లెక్కే తెలీదు. నచ్చినచోట గంట కావాలి. నచ్చనిచోట నిమిషం కూడా వద్దు. టూర్ బస్సేమో అన్నిచోట్లా సమానంగా ముప్పావుగంట ఇస్తుంది. గొడవంతా అక్కడే.

తెల్లారి నుంచి రాత్రి దాకా

అరకు ఒక్కరోజు టూరు ఎలా ఉంటుందో తెలియనివాళ్లకోసం చెబుతున్నా. ఏపీ పర్యాటకాభివృద్ధి సంస్థ ఏళ్ల తరబడి ఒక రైలు-రోడ్డు ప్యాకేజీ నడుపుతూ వచ్చింది. ప్రైవేటు వాళ్లూ చాలామంది అదే బాట పట్టారు. పొద్దున ఏడు లోపే విశాఖలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కిస్తారు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అరకు స్టేషన్లో బస్సు కాచుకుని ఉంటుంది. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, భోజనం, థింసా. ఆపైన గాలికొండ వ్యూపాయింటు, అనంతగిరి కాఫీతోటలు, బొర్రా గుహలు. చీకటిపడ్డాక ఘాట్ దిగి శృంగవరపుకోట మీదుగా విశాఖ. ఇంచుమించు రాత్రి తొమ్మిది అవుతుంది. రోడ్డున 115 కిలోమీటర్ల దూరం. సముద్రం ఒడ్డు నుంచి దాదాపు మూడువేల అడుగులు ఎక్కి దిగడం!

కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక్కసారి నాలుగేళ్ల పిల్ల రోజుని దాని పక్కన పెట్టి చూడండి. ఏడింటి రైలుకి అందాలంటే అయిదింటికి లేవాలి. మాలా విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో రాత్రి రైల్లో వచ్చి, స్టేషన్లోనే మొహాలు కడిగించి, ఆ ప్లాట్‌ఫారం నుంచి ఈ ప్లాట్‌ఫారానికి లాక్కొచ్చేవాళ్లూ తక్కువేం కాదు. అంటే ముందురోజు నిద్ర సగమే. మధ్యాహ్నం రెండింటికి పిల్ల పడుకునే వేళ. సరిగ్గా అప్పుడే బస్సు దింపి ‘త్వరగా చూసి రండి’ అంటారు. సాయంత్రం ఆరింటికి ఆకలేసే వేళ. అప్పుడేమో బస్సు ఎక్కడా ఆగదు.

ఇంకో మెలికుంది. రైల్లో అయిదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, ఆర్టీసీలోనూ లేదు. చాలామంది టూర్ల వాళ్లూ అదే లెక్క పాటిస్తారు. డబ్బు మిగిలిందని మనం మురిసిపోతాం. టికెట్ లేదంటే సీటూ లేదని అర్థం. పదిహేను గంటలు పిల్ల మన ఒళ్లోనే! చంటిపిల్లయితే ఒళ్లో ఒదిగిపోతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు ఒదగరు. వెనక్కి చూసుకుంటే, ఆ రోజు ఒక పిల్ల టికెట్ డబ్బు పెట్టి సీటు కొనుక్కోకపోవడమే నేను చేసిన అతిపెద్ద పిసినారితనం.

ఒక్క రైలు చాలు!

రోజు మొత్తంలో పిల్లలకి నూటికి నూరుపాళ్లూ నచ్చేది ఏదంటే, బస్సు కాదు... రైలు. కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో వేశారు. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి. మనుషులకోసం వేసిన దారి కాదు కాబట్టే కాబోలు, ఊళ్లని పట్టించుకోకుండా కొండల్లోంచి చీల్చుకుంటూ పోతుంది. సొరంగాలు 58 అని చెబుతారు. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ అదే ఎత్తయినదని పేరు. 2017 నుంచి అద్దాల పైకప్పు, గుండ్రంగా తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు.

పిల్లలకి ఈ వివరాలేవీ అక్కర్లేదు. సొరంగం రాగానే పెట్టె చీకటవుతుంది. పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా ‘ఓ...’ అని అరుస్తారు. వెలుతురొస్తుంది. ఆపేస్తారు. మళ్లీ సొరంగం, మళ్లీ అరుపు. ఒకరికొకరు తెలియని పిల్లలు అయిదో సొరంగానికల్లా దోస్తులైపోతారు. మావాడు వేళ్లమీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. ముప్ఫైయొకటి దగ్గర జామకాయలొచ్చాయి. లెక్క తప్పింది.

రైల్లో లేచి తిరగొచ్చు, బాత్రూముంది, మలుపులు తెలియవు. బస్సులో ఈ మూడూ ఉండవు. పిల్లలతో ప్రయాణం ఎలా ఉండబోతోందన్నది సగానికి సగం ఈ మూడిటి మీదే ఆధారపడి ఉంటుంది.

కన్నొకటి చెబుతుంది, చెవొకటి చెబుతుంది

ఇంతకీ ఘాట్‌లో పిల్లలకి ఎందుకు తిప్పుతుంది? మన లోపలి చెవిలో ఒంటి కదలికని కనిపెట్టే ఏర్పాటుంది. బస్సు వంపు తిరగ్గానే అది మెదడుకి ‘తిరుగుతున్నాం’ అని చెబుతుంది. కన్నేమో ఎదురుగా ఉన్న సీటు వీపుని చూస్తూ ‘కదలట్లేదే’ అంటుంది. ఇద్దరూ ఇలా తలోమాటా చెబుతుంటే మెదడు తికమకపడి కడుపుమీద కక్ష తీర్చుకుంటుంది. రెండేళ్లలోపు పిల్లలకి ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే ఎక్కువ. అంటే మనం టూర్లకి తీసుకెళ్లే వయసే!

పొట్టి పిల్లలకి కిటికీ అందదు. ఎదుటి సీటే ప్రపంచం. అది చాలదన్నట్టు టూర్ బస్సువాళ్లు ఏసీ వేసి, తెరలు దించి, టీవీలో సినిమా పెడతారు. మలుపుల్లో కదిలే తెరని చూడటమంటే కోరి వాంతి తెచ్చుకోవడమే. మా బస్సులో హీరో విలన్‌ని చితక్కొడుతుంటే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాడిపోవడం నా కళ్లారా చూశా.

పైగా వరస చూడండి. పన్నెండున్నర, ఒంటిగంటకి భోజనం. టికెట్‌తోపాటే ఇచ్చే భోజనం కదా, పెట్టిందంతా తినిపించాలని మన తాపత్రయం. అరకు వచ్చి బొంగులో చికెన్ తినకపోతే ఎలా అని అదొకటి. ఆపైన మలుపులు! కడుపు ఖాళీగా ఉన్నా తిప్పుతుంది, నిండుగా ఉన్నా తిప్పుతుంది. కాస్త పెరుగన్నమో రెండు ఇడ్లీలో పెట్టి ఊరుకుంటే మేలు. ముందు వరస సీట్లు అడిగి తీసుకోవాలి. వెనక చక్రాల పైసీట్లయితే ఊపు ఎక్కువ. పిల్లని కాస్త ఎత్తుగా కూచోబెట్టి దూరంగా కొండ చూపించాలి. ఫోన్ ఇవ్వకూడదు. మాత్రలంటారా, పిల్లల డాక్టర్ని అడక్కుండా పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి వేయొద్దు. ఇవన్నీ చేశాక కూడా కవర్లు మాత్రం సంచి అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి. అనుభవంతో చెబుతున్నా.

అయిదు నిమిషాల గొడవ

పద్మాపురం తోటలో బొమ్మరైలుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది. ఇప్పుడు పూలూ చెట్లమీద గుడిసెలూ. మావాడు ఒకసారి రైలెక్కి దిగాడు. ఇంకోసారన్నాడు. గైడు అప్పటికే విజిల్ వేస్తున్నాడు. ‘ఒక్కసారేరా’ అని ఎక్కించా. మేం బస్సు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఎక్కి కూచుని ఉన్నారు. ఎవరూ ఏమనలేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు, అంతే. ఆ చూపు బొర్రా దాకా నన్ను వెంటాడింది. అక్కడినుంచి పిల్లలు ఏమడిగినా ‘వద్దు, బస్సు వెళ్లిపోతుంది’ అనడమే నా పనైంది. నేను అమ్మని కాదు, గైడు అసిస్టెంట్‌ని!

బొర్రాలో మరీ అన్యాయం. లక్షల ఏళ్లు సున్నపురాయిని నీళ్లు తొలిచి చెక్కిన గుహ. పైనుంచి రాళ్లు జడల్లా వేలాడుతుంటాయి. గోస్తనీ నది ఆ గుహల్లోంచే పారుతుంది. గుహ ఉన్న కొండ మీదనుంచి పొద్దున మనమెక్కిన రైలుపట్టాలు పోతుంటాయి. ఆవు కంతలో పడిపోవడం, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనబడటం... ఈ కథ చెబితే ఏ పిల్లాడైనా నోరు తెరుచుకుని వింటాడు. ‘పైనుంచి రైలు పోతే గుహ కూలదా’ అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు చెప్పడానికి గైడు అప్పటికే యాభై మెట్లు దిగిపోయాడు. ముప్పావుగంటలో మెట్లు దిగి, ఎక్కి, బయట కోతుల బారినుంచి చిప్స్ ప్యాకెట్ కాపాడుకుని రావాలి మరి. అన్నట్టు, కాపాడుకోలేకపోయాం.

థింసా దగ్గర నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. కొండల్లో పెళ్లిళ్లకీ చైత్రమాసం పండక్కీ ఆడే ఆట అది. మోరి, కిరిడి, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు వీపుల వెనక చేతులు పెనవేసుకుని ఒకే పాములా కదులుతారు. బస్సులవాళ్ల కోసం రోజుకిన్నిసార్లు ఆడాల్సి వస్తే వాళ్లకెలా ఉంటుందోనన్న ఆలోచన నాది. చిన్నదానికి అవేం పట్టలేదు. తిన్నగా వెళ్లి చివర నిల్చున్నావిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ అడుగు మార్చి పొట్టి అడుగులు వేసింది. ఆ రోజు మొత్తంలో మాకు గుర్తున్న మంచి పది నిమిషాలు అవే. అదీ విజిల్‌తోనే ఆగిపోయింది.

డ్రైవరు ఎన్నింటికి నిద్రలేచాడు?

టూరు బాగుందా లేదా అన్నదానికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. 2021 ఫిబ్రవరి 12న సాయంత్రం, హైదరాబాదు నుంచి వచ్చిన బంధువుల బృందంతో అరకు చూసి తిరిగొస్తున్న టూరిస్టు బస్సు అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. వాళ్లలో ఏడాది కూడా నిండని పసిపాప ఉంది. అరకు పేరెత్తితే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ వార్తే.

ఘాట్ ఎక్కడం కంటే దిగడం కష్టం. తక్కువ గేరులో, ఇంజన్ పట్టుమీద దిగాలి. అలా కాకుండా పొడుగునా బ్రేకు తొక్కుతూ పోతే అది వేడెక్కి పట్టు సడలుతుంది. మైదానంలో లక్ష కిలోమీటర్లు నడిపిన డ్రైవరైనా ఈ మలుపులకి కొత్తే కావచ్చు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. మామూలుగా రోజుకి 8 గంటలకి మించి డ్రైవరుతో పని చేయించకూడదని అది చెప్పింది. రాత్రంతా బండి నడిపి పొద్దున్నే విశాఖ చేరి, అదే రోజు అరకు ఎక్కించి దించమంటే ఆ లెక్క ఏమైనట్టు?

మనం బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా, టిఫిన్లో పూరీ పెడతారా అని అడుగుతాం. డ్రైవరు ఎవరు, ఘాట్ అలవాటేనా, రాత్రి పడుకున్నాడా, చీకటి పడకముందే కొండ దిగుతామా... ఇవి అడగం. అడిగితే వాళ్లు విసుక్కుంటారనుకుంటాం. విసుక్కోనివ్వండి. శీతాకాలంలో అయిదున్నరకే కొండల్లో చీకటి, దానికి మంచు తోడు. బొర్రా నుంచి నాలుగింటికల్లా కదలని టూరైతే పిల్లలతో ఎక్కకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అలాగని సొంత కారు వేసుకెళ్లమనడం లేదు. ఘాట్‌లో నడిపే నాన్నకి లోయ కనబడదు, కనబడకూడదు కూడా. వెనకసీట్లో పిల్లలు కొట్టుకుంటుంటే ‘ఆపండర్రా’ అని వెనక్కి తిరిగే నాన్న మరీ ప్రమాదం. అలవాటున్న డ్రైవరు చేతిలో మంచి బస్సుంటే ఇంట్లో అందరూ ఒకేసారి కిటికీలోంచి చూడొచ్చు. పిల్లలతో ఒంటరిగా వచ్చిన తల్లికీ, తాతాబామ్మల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లకీ బస్సు పెద్ద అండ. వేరే పిల్లలు దొరుకుతారు. అంత్యాక్షరి నడుస్తుంది. వెనకసీటావిడ నిమ్మకాయ అందిస్తుంది.

రెండోసారి

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి మేమూ, పక్కింటివాళ్లూ, వాళ్ల అక్కగారి కుటుంబమూ కలిసి మొత్తం పదిమందిమి. విశాఖలో ఒక రాత్రి పడుకుని, పొద్దున్న రైలెక్కాం. అరకులో ఒక చిన్న టెంపో ట్రావెలర్ రెండు రోజులకి మాట్లాడుకున్నాం. డ్రైవరు అక్కడివాడే. తలకి ఖర్చు మొదటిసారికంటే ఎక్కువే అయింది, బస కూడా ఉంది కదా. అరకులో పర్యాటకశాఖ హరిత రిసార్టులూ ప్రైవేటు గదులూ ఉన్నాయి. డిసెంబరు శనాదివారాల్లోనూ సంక్రాంతి సెలవుల్లోనూ మాత్రం ముందే చూసుకోకపోతే కష్టం.

చూసిన చోట్లు తగ్గాయి. గాలికొండ దగ్గర ఆగనేలేదు. పిల్లలు నిద్రపోతుంటే డ్రైవరు తనంతట తనే నెమ్మదిగా పోనిచ్చాడు. చాపరాయిలో బండమీద జారే నీళ్ల దగ్గర మాత్రం రెండు గంటలు కూచున్నాం. జారేచోట పాకుడుంటుంది, చెయ్యి వదలొద్దు. కాఫీ తోటలో మిరియాల తీగ పట్టుకుని ‘ఇది పోపుల పెట్టెలోదేనా’ అని అడిగింది చిన్నది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను చెప్పబోయా. ఎవరూ వినలేదు. వలిసెపూలు విరగబూసి పొలాలన్నీ పసుపు ఆరేసినట్టున్నాయి. ఫొటోలకోసం ఓ గుంపు చేలో దిగి తొక్కుతుంటే, అది నూనెగింజల పంటనీ, ఎవరిదో ఏడాది తిండి అనీ పిల్లలకి గట్టుమీద నిలబెట్టే చెప్పాం.

ఒక్కచోట మావాడికి కాస్త తిప్పింది. బండి ఆపించి రోడ్డుపక్క కూచున్నాం. పావుగంట. ఎవరూ గడియారం చూసుకోలేదు. మూడు గంటలకే కొండ దిగడం మొదలెట్టి, ఇంకా వెలుతురుండగానే శృంగవరపుకోటలో టీ తాగాం.

అన్నట్టు, సొరంగాల లెక్క ఈసారి పూర్తయింది. పదేళ్లవాడు కదా, కాగితమ్మీద గీతలు గీశాడు. 52 వచ్చాయి. అందరూ 58 అంటారే, మిగతా ఆరూ ఏమయ్యాయిరా అంటే, చెల్లిని బాత్రూముకి తీసుకెళ్లినప్పుడు వెళ్లిపోయాయట.